చిమ్టా చెప్పిన చేతి కథ

నేను ఉక్కు చిమ్టాను. రెండు రేకులు ఒక కొసన అతికి, రెండో కొసన సూదిమొనల్లా సన్నబడితే నేను. మా ఊరు కరీంనగర్. ఎలగందల నుంచి ఇక్కడికి వచ్చిందని పెద్దలు చెప్పుకునే వెండితీగ పనిలోనే నా బతుకంతా గడిచింది. సిల్వర్ ఫిలిగ్రీ పేరుతో 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన పని అది. పాన్‌దాన్లు, అత్తర్‌దాన్లు, నెమళ్లు ఎన్నో నా మొనల మీద రూపుదిద్దుకున్నాయి. అయినా నేను చెప్పదలచుకున్నది వెండి ముచ్చట కాదు, నన్ను పట్టుకున్న చేతి ముచ్చట. నాకు స్పర్శ లేదు. నా రేకులు ఎంత వంగాయన్నది ఒక్కటే నాకు తెలుసు.

నా యజమాని అవుసలి. వెండిని కరిగించి, కడ్డీ చేసి, కమ్మచ్చు బెజ్జాల్లోంచి ఒకదాని తర్వాత ఒకటిగా లాగుతాడు. తీగ వెంట్రుకంత సన్నబడ్డాక రెండింటిని కలిపి పేని, అణగగొడతాడు. మందపు తీగతో ఆకు చట్రం కట్టి, దాని కడుపులో ఈ సన్నతీగను చుట్టలు చుట్టి కూరుస్తాడు. ఆ కూర్పు నాతోనే.

తీగచుట్ట నా మొనల మధ్య రవ్వంత జారిందంటే, ఆయన కన్ను చూసేలోపే వేళ్లు బిగుస్తాయి. వేలికొన చర్మంలో జారుడును పసిగట్టే నాడీ కొసలు వేరు, అంచును, ఒత్తిడిని గుర్తించేవి వేరు, ఇంకాస్త లోతున ఉండి అదురును అందుకునేవి వేరు. ఒక్క అరచేతి వైపు చర్మం నుంచే సుమారు 17,000 స్పర్శ నాడీ తంతువులు మెదడుకు కబుర్లు మోస్తాయి. నా మొన వెండిని గీరినప్పుడు పుట్టిన అదురు నా రేకుల మీదుగా ఆయన వేళ్లకు చేరుతుంది. అందుకే ఆయనకు తెలిసేది నేను కాదు, నా మొన దగ్గరున్న తీగ. పనిలో పడ్డాక నేనున్న సంగతే మరిచిపోతాడు. పనిముట్టుకు అంతకన్నా గౌరవం ఏముంటుంది?

టంకం వేసేటప్పుడు ఊదుగొట్టం నోట్లో ఉంటుంది, చూపు మంట మీద ఉంటుంది. నన్ను పట్టుకున్న చెయ్యి మాత్రం చూడకుండానే సరైన చోటికి వెళుతుంది. వేళ్లను మడిచే పెద్ద కండరాలు ఉండేది ముంజేతిలో. అవి ఎంత సాగాయో లోపలి కండర కదురులు క్షణక్షణం చెబుతుంటాయి. కళ్లు మూసుకున్నా వేలు ఎక్కడుందో మనిషికి తెలిసేది ముఖ్యంగా వాటివల్లే. నొక్కితే తెరుచుకునే పీజో అనే ప్రోటీన్లను ఆర్డెమ్ పటపూటియన్ బృందం 2010లో కనిపెట్టింది. మెత్తని స్పర్శకూ, ఈ కదలిక ఎరుకకూ ఆధారం వాటిలో రెండోదైన పీజో2.

లోహాలన్నిట్లోకి వేడిని బాగా మోసేది వెండి. ఒక కొసన మంట తగిలితే రెండో కొస చురుక్కుమంటుంది. పొరపాటున వేలు తగిలితే, నొప్పి తెలిసేలోపే వెన్నుపాము చేతిని వెనక్కి లాగేస్తుంది. ఆ తర్వాత ముందు చురుకు, వెనక మంట. చురుకును మోసే తంతువులు సెకనుకు 5 నుంచి 30 మీటర్లు పోతాయి. మంటను మోసేవి 2 మీటర్లు కూడా దాటవు. సుమారు 43 డిగ్రీల దగ్గర మేల్కొనే వేడి గ్రాహకాన్ని డేవిడ్ జూలియస్ బృందం 1997లో మిరపకారం సాయంతోనే పట్టుకుంది. కారం తగిలినా, నిప్పు తగిలినా మంట అనిపించేది ముఖ్యంగా ఆ గ్రాహకం వల్లే. 2021లో జూలియస్‌కూ, పటపూటియన్‌కూ కలిపి వైద్యంలో నోబెల్ ఇచ్చారు.

ఆదిలాబాద్ డోక్రా లోహపు పోత పనిలోనైతే చేతికీ సరుకుకూ మధ్యన నాలాంటిది కూడా ఉండదు. ఉషేగావ్ ఓజ కళాకారులు మట్టి అచ్చు మీద తేనెమైనం దారాలను వేళ్లతోనే చుట్టి, అద్ది, పైన మట్టి కప్పి, మైనం కరిగిపోయిన ఖాళీలో కంచు పోస్తారు. మైనం ఎంత మెత్తబడిందో చెప్పేది వాళ్ల బొటనవేలే. ఆ పనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

కొన్నేళ్లకు నా మీద పట్టు మారింది. ఇదివరకు తేలిగ్గా వంగే నా రేకులు అణిగిపోయేంతగా నొక్కుతున్నాడు. తీగచుట్టలు నలుగుతున్నాయి. జారుడు కబురు అందని వేలు భయంతో అవసరానికి మించి బిగించి పడుతుంది. రాత్రిళ్లు బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి లేచి చెయ్యి దులుపుకునేవాడు. చిటికెన వేలు మాత్రం బాగానే ఉండేది. ఒకనాడు పక్కన కూర్చుని పని నేర్చుకుంటున్న బిడ్డ చూసింది.

"బాపు, వేలికి బొబ్బ లేసింది గదా! ఎప్పుడు కాలింది?"

"ఎరుకలేదు బిడ్డా. మండనేలేదు."

"మండకపోవుడే నాకు బుగులైతాంది. రేపు దవాఖానకు పోదాం."

ఆయన అంగీ జేబులో నేనూ వెళ్లాను. డాక్టరు నైలాన్ పోగుతో వేలికొనలను తాకి చూశాడు. మణికట్లు నిమిషంపాటు వంచి ఉంచమంటే తిమ్మిరి మొదలైంది. మణికట్టు దగ్గర ఇరుకు దారిలో తొమ్మిది స్నాయువులతోపాటు ఒక నరం వెళుతుందనీ, అక్కడ వాపొస్తే అది నలుగుతుందనీ, ఏళ్ల తరబడి వేళ్లు బిగించి చేసే పనీ, షుగరూ ఆ ముప్పును పెంచుతాయనీ వివరించాడు. రాత్రిపూట మణికట్టు పట్టీ కట్టుకోమన్నాడు. షుగర్ అదుపులో పెట్టుకోమన్నాడు. తగ్గకపోతే చిన్న ఆపరేషన్ ఉందనీ, ఆలస్యం చేస్తే బొటనవేలి కండ కరిగిపోతుందనీ హెచ్చరించాడు.

నెలలు గడిచేకొద్దీ పట్టు సడలింది. ఆ మార్పు అందరికన్నా ముందు తెలిసింది నాకే. ఈమధ్య వేడి వెండి తగిలితే ఆయన "అబ్బా" అంటున్నాడు. ఆ మాట నాకు సంతోషం.

నొప్పి పుడితే ఎవరైనా దవాఖానకు పోతారు. పుట్టాల్సిన చోట పుట్టకపోతే మాత్రం వయసు మీదపడిందని సరిపెట్టుకుంటారు. జగిత్యాల, నిర్మల్ వాకిళ్లలో బీడీలు చుట్టే అక్కలారా, సిరిసిల్ల మగ్గాల దగ్గర పోగులు ముడేసే అన్నలారా, మీ పనితనం ఉన్నది వేలికొనల్లో. అవి మొద్దుబారితే ఊరుకోకండి, తిమ్మిరిగా ఉన్నప్పుడే చూపించుకోండి. కాలితే మండే వేలే పనిచేసే వేలు.