సుడోకుకు తమ్ముడు

2023 తొలి నెలలు. చాట్‌జీపీటీ పేరు ఊరూరా మారుమోగుతున్న రోజులు. సుడోకు అంటే ఇష్టమున్న ఒకాయన, అలాంటి పజిళ్లు ఇంకేమున్నాయో చెప్పమని దాన్ని అడిగాడు. తెలిసిన ఆటలన్నీ ఏకరువు పెట్టింది. అవి కాదు, కొత్తది నువ్వే కల్పించు అన్నాడు.

కల్పించింది. గళ్ల నిండా అంకెలుంటాయి. ప్రతి అడ్డువరుస చివరా, ప్రతి నిలువువరుస కిందా ఒక మొత్తం రాసి ఉంటుంది. కొన్ని అంకెలు కొట్టేయాలి. మిగిలినవి కూడితే ఆ మొత్తాలన్నీ సరిపోవాలి. అడ్డంగా కుదిరిందనుకునేసరికి నిలువుగా తప్పుతుంది. ఆ లాగులాటలోనే ఉంది రుచి. మంచి ఆట, అందులో సందేహం లేదు. ఆడించే ప్రోగ్రామూ చాట్‌జీపీటీయే రాసింది. ‘సంప్లీట్’ అని పేరూ అదే పెట్టింది. సుడోకుకు తమ్ముడు పుట్టాడని వార్తలొచ్చాయి.

అన్న ఎలా పుట్టాడో కూడా చెప్పుకోవాలి. అడ్డంగా గానీ నిలువుగా గానీ ఏ వరుసలోనూ ఒకే గుర్తు రెండుసార్లు రాని చదరాల మీద 18వ శతాబ్దంలోనే గణితవేత్త ఆయిలర్ పని చేశాడు. గణితవేత్తలకు అవి లాటిన్ చదరాలు. సుమారు రెండు వందల ఏళ్ల తర్వాత, అమెరికాలోని ఇండియానాకు చెందిన ఆర్కిటెక్ట్ హోవర్డ్ గార్న్స్ అలాంటి చదరాన్ని తొమ్మిది చిన్న పెట్టెలుగా విడగొట్టి, ఒక్కో పెట్టెలోనూ 1 నుంచి 9 దాకా ఒక్కొక్కసారే రావాలన్నాడు. ఆ ఒక్క నియమంతో గణితం ఆటైంది. కొత్త ఆట పుట్టడమంటే అదీ! 1979లో డెల్ పత్రిక దాన్ని ‘నంబర్ ప్లేస్’గా అచ్చేసింది. పజిల్ మీద ఆయన పేరు లేదు. 1984లో జపాన్ వాళ్లు దానికి సుడోకు అని పేరు పెట్టారు. లోకమంతా ఆడే నాటికి గార్న్స్ లేడు, 1989లోనే పోయాడు.

ఇక తమ్ముడి సంగతి. సంప్లీట్ ఆడినవాళ్లలో కొందరికి అది ఎక్కడో ఆడినట్టే అనిపించింది. నిజమే, ఫోన్లలో అప్పటికే ‘రుల్లో’ అనే ఆట ఉంది. అవే గళ్లు, అవే మొత్తాలు, అదే తీసివేత. గార్న్స్ చేర్చిన పెట్టెల్లాంటి నియమం సంప్లీట్‌లో ఒక్కటీ లేదు.

అందులో చాట్‌జీపీటీ సొంతంగా కల్పించింది ఆ పేరొక్కటే.