చంద్రునికో నూలుపోగు, అధ్యక్షులకో శాలువా

వడికేవారిని, నేసేవారిని, అల్లేవారిని ఒకే కప్పు కిందికి చేర్చి రెండు రోజులపాటు జరిపే సభకు ప్రాంతీయ నూలు కళల సదస్సు అని పేరు. దూదిని పురిపెట్టి దారంగా సాగదీయడం వడకడం. బిగించి కట్టిన పడుగు పోగుల మధ్య నుంచి పేక పోగును నాడెతో అటూ ఇటూ నడపడం నేత. ఒకే దారాన్ని ఉచ్చులుగా మలిచి, ఉచ్చులోంచి ఉచ్చును లాగుతూ పోవడం అల్లిక. మూడింటికీ ముడిసరకు దారమే కనుక ముగ్గురి అవసరాలూ ఒకటే అయి ఉంటాయని నిర్వాహక సంఘం తన మొదటి సమావేశంలో, టీ రాకముందే, ఏకగ్రీవంగా తీర్మానిస్తుంది. సదస్సు ముగిసేలోగా ఏకగ్రీవంగా జరిగే పని అదొక్కటే.

తేదీ దగ్గరే మొదటి పీటముడి పడుతుంది. 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్ హాలులో స్వదేశీ ఉద్యమానికి నాంది పలికిన సభ జరిగింది కనుక, 2015 నుంచి ఆ రోజును జాతీయ చేనేత దినోత్సవంగా పాటిస్తున్నారు. చరిత్ర దృష్టితో చూస్తే ఇంతకంటే తగిన రోజు దొరకదు. అయితే శ్రావణ మాసం ఆ ముందువెనుకల్లోనే వస్తుంది. వరలక్ష్మీ వ్రతానికీ పెళ్లిళ్లకూ చీరలు అందించవలసిన నేతగాడికి మగ్గం దిగే తీరిక ఏడాది మొత్తంలో లేని రోజులేవైనా ఉన్నాయంటే అవి అవే. అందువల్ల చేనేతను గౌరవించే సభలన్నీ నేతగాడు రాలేని రోజునే జరుగుతాయి, రాలేకపోయినందుకు అతని ఊరివారే అతని తరఫున సంజాయిషీ చెప్పుకుంటారు.

ఇక వేదిక. తెలుగు నేత ఊళ్లలో తరతరాలుగా ఆడుతున్నది గుంట మగ్గం. అంటే నేతగాడు నేలమట్టాన కూర్చుని, కాళ్లు గోతిలోకి వదిలి, అందులోని తొక్కుడు చెక్కలను పాదాలతో నొక్కుతూ పడుగును పైకీ కిందికీ విడదీసే అమరిక. సదస్సుకు దొరికేది కల్యాణ మండపం, దాని నేల గ్రానైటు, దాని యజమాని గోడకు మేకు కొట్టినా జరిమానా రాసే మనిషి. అతని ముందు గునపం అనే మాట పలికే బాధ్యతను సంఘ సభ్యులు ఒకరి మీదికి ఒకరు నెట్టుకుని, చివరికి నేల మీద నిలబెట్టే ఫ్రేము మగ్గంతో సరిపెడతారు. అంతటితో తీరదు. ఆరిన నూలు తెగుతుంది, గుంటలోని చెమ్మ దాన్ని కాపాడుతుంది. కాబట్టి నేతగాడు ముందుగా ఏసీ ఆపమంటాడు. వడికే అమ్మకు ఫ్యాను పడదు, ఎందుకంటే శుభ్రం చేసిన దూదిని వత్తులుగా చుట్టిన ఏకులు ఆమె ఒడిలోంచి లేచి ముఖ్య అతిథి మీసం మీద వాలుతాయి. అల్లేవారికి కన్ను ఆనాలి కనుక కిటికీలన్నీ బార్లా తెరవాలి. మూడు కోరికలూ తీరిన తరువాత ఆ మండపంలో కూర్చోగలిగేది దారం ఒక్కటే. పడుగు చాపి గంజి పట్టించే పని చూపించడానికి ముందే గుర్తుపెట్టిన ఖాళీ వీధిలో, గంజి కాగేలోపు, ప్రముఖుల కార్లు నిలుస్తాయి.

ప్రవేశ రుసుము దగ్గర పూర్వులు మరింత సాహసం చూపారు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో కూడిన అఖిల భారత కాంగ్రెసు సంఘం, జూన్ 30లోగా దేశంలో 20 లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానించింది. 1924 డిసెంబరులో గాంధీజీ అధ్యక్షత వహించిన బెల్గాం కాంగ్రెసు ఇంకో అడుగు వేసి, సభ్యత్వ రుసుమునే నూలు రూపంలోకి మార్చింది: నెలకు 2,000 గజాలు. చిలప అంటే 840 గజాల నూలు చుట్ట. కనుక ప్రతి సభ్యుడూ నెలకు రెండు చిలపల పైచిలుకు సమర్పించుకోవాలి. వడకడం ఇష్టం లేనివారు ఇంకొకరు వడికిన నూలైనా ఇవ్వవచ్చుననే వెసులుబాటు కూడా అందులో ఉండడం, భారతీయ సంస్థల స్వభావం తెలిసినవారిని ఆశ్చర్యపరచదు. మరుసటి ఏడాది సెప్టెంబరులో పాట్నాలో ఈ నిబంధనను సడలించి, నాలుగు అణాలైనా సరేనన్నారు. నేటి సదస్సు నిర్వాహకులు నూలు అడగరు, యూపీఐ అడుగుతారు. కాకపోతే నమోదు పత్రంలో వృత్తి అనే గడి ఒకటి పెడతారు, చిక్కు అక్కడే ఉంది. నరసాపురం ప్రాంతంలో కొక్కెపు సూదితో లేసు అల్లి విదేశాలకు పంపే స్త్రీలను సమాజం ఉత్త గృహిణులుగానే ఎలా లెక్కగట్టిందో చెబుతూ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో పుస్తకమే రాశారు. ఆ గడిలో ఆ స్త్రీలు నేటికీ గృహిణి అనే రాస్తే, సంఘం వారికి ప్రతినిధి బ్యాడ్జికి బదులు సందర్శకుల బ్యాడ్జి ఇస్తుంది. పైగా ఒక కొక్కెంతో లేసు అల్లేవారినీ, రెండు సూదులతో స్వెట్టరు అల్లేవారినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఇద్దరూ ఎందుకు ముభావంగా ఉన్నారో తెలియక మజ్జిగ పంపుతుంది.

ఏకులా వచ్చి మేకులా దిగబడే ఉపసంఘాల్లో సామగ్రి ఉపసంఘం ముఖ్యమైనది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్న నూలు వడికే స్త్రీలు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడలోని సన్నని పళ్ల వరుసకు సాటి వచ్చే దువ్వెన వారికి ఇంకొకటి లేదు. ప్రదర్శనకు కావలసిన వస్తువుల జాబితాలో ‘చేప దవడ – 1’ అని కనిపించగానే సామగ్రి ఉపసంఘం ఆ కాగితాన్ని భోజనాల ఉపసంఘానికి పంపుతుంది. వారు శాకాహారమని ముందే చెప్పామని గుర్తుచేస్తూ, తప్పదంటే ఒక్క దవడ ఎంతమందికి వస్తుందని వంటమనిషిని విచారిస్తారు.

సన్మానం సంగతి సున్నితమైనది. 1985 నాటి చట్టం కొన్ని వస్త్రాలను చేనేతకే కేటాయించింది. మొదట 22గా ఉన్న ఆ రకాలు తరువాత 11కు తగ్గాయి, వాటిలో చీర, ధోవతి, లుంగీలతో పాటు శాలువా కూడా, ఏ నూలుతో ఎలా నేసినదనే షరతులకు లోబడి, ఉంది. ఆ షరతుల సందుల్లోంచి పాలియెస్టరు శాలువా హాయిగా నడిచివచ్చి, యాభై ఏళ్లు నేసిన వృద్ధుని భుజాల మీద పడుతుంది. దాన్ని ఆయన వేళ్లతో నలిపి చూస్తాడు. నూలుపోగును కాలిస్తే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుందనీ, పాలియెస్టరు పోగు కరిగి గట్టి పూసగా మిగులుతుందనీ ఆయనకు తెలుసు. అందుకే అనుభవం గల సంఘాలు జ్యోతి ప్రజ్వలన పూర్తయి, అగ్గిపెట్టె లోపలికి వెళ్లిన తరువాతే సన్మానం పెట్టుకుంటాయి.

ఉపన్యాసాలను చివరి వరకు వినేది అల్లేవారు మాత్రమే, ఎందుకంటే వారి చేతులకు పని ఉంటుంది. మగ్గం ఆడుతుంటే వక్త మాట వినపడదు. దీన్ని నిర్వాహకులు లోపంగా నమోదు చేస్తారు, సభికుల్లో అటువంటి అభిప్రాయం కనిపించదు.

లెక్కల పరిశీలన నాడు ఆడిటరుకు శాలువాల మీద సందేహమేమీ రాదు, అవి ఖర్చయిపోయే సరుకు పద్దులో ఉంటాయి. ఆయన పెన్ను ఆగేది చేప దవడ దగ్గరే: అరిగేదాకా వాడతారని తెలియడంతో దాన్ని స్థిరాస్తి కింద చూపించి, ఏటా పది శాతం తరుగుదల రాయమంటాడు.