గాలి తోసిన దారి

ఆర్కే బీచ్ నుంచి భీమిలి సుమారు 25 కిలోమీటర్లు. ఎడమన కొండలు, కుడిన సముద్రం. గాజువాక నుంచి చీకటితో బయల్దేరి, మల్కాపురం రిఫైనరీ వాసన దాటి, సింధియా మీదుగా ఊళ్లోకొచ్చి ఆ రోడ్డెక్కితే సైకిల్ దానంతటదే పోతున్నట్టుంటుంది. ఏప్రిల్‌లో ఒకరోజు నిజంగానే అలా పోయింది. నా తెలివితక్కువతనం అక్కడే మొదలైంది.

తోడు మా పక్కింటి బాబాయ్. స్టీల్ ప్లాంట్‌లో రిటైరయ్యారు. ఆయనది పాతకాలం నల్ల సైకిల్, నాది గేర్లది. జోడుగుళ్లపాలెం దాటేసరికే ఆయన్ని వెనకొదిలేశాను. రుషికొండ దగ్గర నన్ను అందుకుని, ‘‘గాలి ఎనకాల నుంచి తోస్తందిరా. కాళ్లు దాచుకో’’ అన్నారు. వయసైపోయి ఓర్వలేక అంటున్నారనుకున్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

గుర్తులు కళ్లముందే ఉన్నాయి. మంగమారిపేటలో ఒడ్డుకు లాగిన పడవల మీది జెండాలన్నీ భీమిలి వైపే రెపరెపలాడుతున్నాయి. అంత వేగంలోనూ నా మెడమీది చెమట ఆరడం లేదు. ముఖానికి గాలి తగిలితే కదా ఆరడానికి! మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. వేసవిలో ఎక్కువగా వీచే గాలిదీ అదే దారి. ఆ గాలికే ఒడ్డు దగ్గరి పైనీరు సముద్రం లోపలికి జరిగి, అడుగునున్న చల్లని నీరు పైకొస్తుంది. చేపలకు మేత అందుతుంది. ఇదంతా చదువుకున్నవాణ్ణే. నా కాళ్ల దగ్గరికొచ్చేసరికి ఆ చదువు గుర్తుకు రాలేదు.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగుదామన్నారు బాబాయ్. వేల ఏళ్లుగా గాలీ వానా మలిచిన దిబ్బలవి. ఊపు పోతుందని ఆగనివ్వలేదు.

భీమిలిలో టిఫిన్ చేసి వెనక్కి తిప్పాం. అప్పటికి గాలి బాగా ముదిరింది. లెక్క చిన్నదే. గాలి 15 కిలోమీటర్ల వేగంతో తోస్తుంటే, 25తో పోయేవాడికి ఎదురు తగిలేది 10. తిరుగుదారిలో 12తో తొక్కినా తగిలేది 27. ఆ వేగం రెట్టింపైతే అడ్డుకునే బలం నాలుగింతలవుతుంది. తొట్లకొండ కిందికొచ్చేసరికి నా తొడలు పట్టేశాయి. ఇసుక పళ్లలో కరకరలాడుతోంది. రోడ్డు పక్కన కూలబడ్డాను.

బాబాయ్ ఒక్క మాటా దెప్పలేదు. సీసాలో నీళ్లు తాగించారు. ‘‘నా ఎనక చక్రానికి అంటుకుని రా. పక్కకి తప్పుకోకు’’ అని ముందు నడిచారు. ఆయన వీపు చాటున గాలి సగానికి తగ్గినట్టనిపించింది. నాకు చాటు దొరకాలని ఆయన నిటారుగా కూర్చుని తొక్కారు. రుషికొండ ఎత్తు, కైలాసగిరి కింది మలుపులు, తెన్నేటి పార్కు, జాలరిపేట అన్నీ అలాగే దాటించారు. నేను చూసింది ఉప్పు పేరుకుని తెల్లబడ్డ ఆయన చొక్కా ఒక్కటే.

ఇంటికొచ్చాక, ఆలస్యమైందేమని మా ఆవిడ అడిగింది. ‘‘బాబాయ్ అలిసిపోయారు, ఆయన కోసం మెల్లగా వచ్చాం’’ అన్నాను. ఆయన గుమ్మం దగ్గరే సైకిల్‌కి తాళం వేస్తున్నారు. విన్నారు. ‘‘అవునమ్మా, పెద్దాణ్ణయిపోయాను’’ అని లోపలికెళ్లిపోయారు.

పొద్దున గాలి చేసిన పనిని నాదనుకున్నాను, అది తెలియక. తిరుగుదారిలో ఆయన చేసిన పనిని నాదని చెప్పాను, తెలిసే. ఆ అబద్ధాన్ని మా ఇంట్లో ఇంకా దిద్దలేదు. ఇది ముందు మా ఆవిడకు చదివి వినిపిస్తాను, బాబాయ్‌ని కూడా కూర్చోబెట్టి.