ఏ పనీ పూర్తిచేయకుండా తుక్కుతో శిల్పి కావడం ఎలా?

కుళాయి కారుతోందా? కుర్చీ కాలు ఊగుతోందా? సంతోషించండి. కొత్తది కొంటే డబ్బు దండగ. బాగుచేస్తే ఒళ్ళు నొప్పి. ఈ రెండూ లేకుండా పేరు తెచ్చుకునే దారి ఇంకొకటుంది. తుక్కు పోగేయండి, దాన్ని కళ అనండి, మిగిలిన పొద్దంతా పెరట్లో పిట్టల్ని చూస్తూ కూర్చోండి. కింది చిట్కాలు వరసగా పాటిస్తే ఏడాది తిరిగేలోగా ఇంట్లో మీకు ఒక్క పని కూడా ఎవరూ చెప్పరు.

1. ముందు పోగేయండి. "పాత ఇనప సామాన్లకు ఉల్లిపాయలిస్తాం" అని వీధిలో బండి మైకు వినపడగానే అందరికన్నా ముందు గుమ్మంలో నిలబడండి. అమ్మడానికి కాదు, అడ్డుపడడానికి. కాలిపోయిన మిక్సీ, రెక్క విరిగిన టేబుల్ ఫ్యాను, చిల్లుపడ్డ బిందె, తెగిన సైకిలు చెయిను, ఒంటి చెప్పు... ఏదీ గుమ్మం దాటకూడదు. "పనికొస్తుంది, ఉండనీ" అంటే చాలు. దేనికని అడిగితే "చూద్దువుగా" అనండి. మొదట మంచం కింద పెట్టండి, తరవాత అటక మీద, అదీ నిండాక మెట్ల కింద. ఇంట్లో మనుషులు పక్కకు తిరిగి నడిచే రోజు వచ్చిందంటే మీ శిల్పశాల సిద్ధమైనట్టే.

2. పెద్దవాళ్ళ పేరు చెప్పుకోండి. ఇంట్లో గొడవ ముదిరితే నేక్‌చంద్‌ను తలుచుకోండి. చండీగఢ్‌లో ఆయన రోడ్ల ఇన్‌స్పెక్టరు. పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు, పాత సింకులు సైకిలు మీద మోసుకుపోయి, అడవిలో ఎవరికీ తెలియకుండా బొమ్మలు నిలబెట్టాడు. 1957 ప్రాంతంలో మొదలుపెడితే అధికారుల కంటపడింది 1975లో. మరుసటేడు అదే రాక్ గార్డెన్‌గా తెరుచుకుంది. 1984లో పద్మశ్రీ ఇచ్చారు. ఇందులో మీకు కావలసింది ఒక్కటే: పద్దెనిమిదేళ్ళ దాకా ఎవరికీ ఏమీ చూపించనక్కర్లేదు. ఉద్యోగం చేసి వచ్చి రాత్రుళ్ళు చాకిరీ చేశాడన్న భాగం వదిలేయండి. ఇంట్లో అడిగితే "ఇంకా టైముంది" అనండి.

3. మరమ్మతు చేయండి, కానీ నిలవనివ్వకండి. అన్నిటికన్నా ముఖ్యమైన చిట్కా ఇదే. కారే గొట్టానికి ఎంసీల్ పెట్టేటప్పుడు రెండు ముద్దలూ సమంగా తీసుకుని, రంగు ఒకటయ్యేదాకా పిసికి, గొట్టం తుడిచి, నీళ్ళు కట్టేసి, ఆరేదాకా ఆగమంటారు. అది తీరిక ఉన్నవాళ్ళ మాట. మీరు రెండుసార్లు నలిపి తడి గొట్టం మీదే అద్దండి. సాయంత్రానికి ఊడుతుంది. ఊడాలి కూడా. గట్టిగా అతికిందా, రేపు సింకు చూడమంటారు, ఎల్లుండి గీజరు. ఊడిన గొట్టం మీద సైకిలు ట్యూబు ముక్క చుట్టండి. బాగా సాగదీసి బిగిస్తేనే నీళ్ళు ఆగుతాయి కాబట్టి వదులుగా చుట్టండి. కింద బకెట్టు పెట్టండి. నిండినప్పుడల్లా "మొక్కలకు పోయండి" అని లోపలికి కేకేయండి. నీటి పొదుపు కూడా మీ ఖాతాలోనే పడుతుంది.

ప్లాస్టిక్ కుర్చీ పగిలితే చిల్లులు పెట్టి తీగతో కుట్టడం మన ఊళ్ళలో మామూలే. మీరూ కుట్టండి. తీగ కొసలు మాత్రం లోపలికి మడవకండి. చుట్టాలు ఒకసారి కూర్చుంటే ఇక ఎక్కువసేపు ఉండరు.

4. శిల్పం. తెనాలిలో సూర్య శిల్పశాలవాళ్ళు నట్లు, బోల్టులు, చెయిన్లు ఒక్కొక్కటీ ఏరి, వెల్డింగు చేసి, మనిషిని మించిన ఎత్తు విగ్రహాలు తయారుచేస్తారు. చూసి రండి, ఫొటో దిగండి, అక్కడితో ఆపేయండి. ఏ ముక్క ఎక్కడ పొసుగుతుందో చూసుకుంటూ కూర్చుంటే నెలలు పడతాయి. మీరు ఫ్యాను జాలీకి రెండు గరిటెలు బైండింగు వైరుతో కట్టి "నెమలి" అనండి. గుర్తుపట్టలేకపోతే "ఆధునికం" అనండి. పడిపోతుంటే గోడకు ఆనించండి. అతుకులు బయటపడితే బంతిపూల దండ వేయండి. దండ వేసినదాన్ని ఎవరూ తుక్కు అనలేరు. సంక్రాంతికి బొమ్మల కొలువులో పెడితే ఇంకా మేలు. పేరంటానికి వచ్చినవాళ్ళు తాంబూలం పుచ్చుకుని బాగుందనే వెళతారు.

5. పిల్లల బడిలో "బెస్ట్ ఔట్ ఆఫ్ వేస్ట్" ప్రాజెక్టు ఇస్తే మీ తుక్కు ముట్టుకోనివ్వకండి. స్టేషనరీ కొట్లో కొత్త ఐస్‌క్రీమ్ పుల్లల ప్యాకెట్టు కొనండి. పెద్ద కూల్‌డ్రింకు సీసా కొని, డ్రింకు తాగేసి, సీసా కోయండి. మెరుపు కాగితం అంటించండి. చెత్త అంత శుభ్రంగా ఉంటే మార్కులు పడతాయి.

6. ప్రకృతిని గమనించండి. పడకకుర్చీ, కాఫీ ఉంటే చాలు. "ఏం చేస్తున్నారండీ" అని వినపడితే "ష్, పిట్ట ఎగిరిపోతుంది" అనండి. గిజిగాణ్ణి చూడండి. మగపిట్ట ఆకుల్ని సన్నటి పీచులుగా చీల్చి గూడు సగం అల్లుతుంది. ఆడపిట్ట వచ్చి చూసి, నచ్చకపోతే వెళ్ళిపోతుంది. ఆ సగం గూడు అలాగే వేలాడుతుంది. పని సగంలో వదిలేయడం ప్రకృతి ధర్మమని దీన్ని చూపించే వాదించండి. మగపిట్ట వెంటనే ఇంకో గూడు మొదలుపెడుతుందన్న మాట ఎత్తకండి.

కాకి ఇనుప తీగముక్కలతో కూడా గూడు కడుతుంది. కాబట్టి వైరు ముక్కలు డాబా మీదే వదిలేయండి, ఊడ్చకండి. కోకిల ఆ గూడైనా కట్టదు, పోయి కాకి గూట్లో గుడ్డు పెడుతుంది. మీ మెట్ల కింద చోటు నిండాక మిగిలిన తుక్కును పక్కింటివారి కారు షెడ్డులో పెట్టండి. అన్నిటిలోకీ తెలివైన పిట్ట కోకిలే.

7. ప్రకృతిని ఇంటికే పిలవండి. పాత టైరుకు రంగు వేసి కుండీ చేయండి. అడుగున చిల్లులు పెట్టమంటారు, పెట్టకండి. పక్కన కొబ్బరిచిప్పలు, కోసిన సీసాలు వెల్లకిలా పేర్చండి. ఒక్క వాన చాలు. రెండు మూడు రోజుల్లో నీళ్ళలో పురుగులు మెలికలు తిరుగుతుంటాయి. వారం పది రోజులకు కాళ్ళ మీద తెల్లచారలున్న దోమలు లేస్తాయి. అవి పగలే కుడతాయి కాబట్టి చూడడానికి నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. టైరు ఎండిపోయినా దిగులుపడకండి. ఆ గుడ్లు తడి లేకుండా నెలల తరబడి ఉండి, మళ్ళీ నీళ్ళు తగలగానే పొదుగుతాయి. ఇంత నమ్మకమైన పెంపకం ఇంకేదీ లేదు.

వారానికోసారి నీళ్ళు పారబోసి ఆరబెట్టమని ఆశా కార్యకర్త చెప్పిపోతుంది. అలా చేస్తే దోమ పూర్తిగా ఎదగకముందే పోతుంది, అంటే మీ శ్రమంతా వృథా. "పరిశీలనలో ఉంది" అనండి. రొనాల్డ్ రాస్ పేరు కూడా చెప్పండి. సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న దోమ కడుపు కోసి, మలేరియా క్రిమిని అందులో కనిపెట్టింది ఆయనే. 1902లో నోబెల్ ఇచ్చారు. ఆయన దోమల్ని వెతికి పట్టి పెంచుకోవాల్సి వచ్చింది. మీ దగ్గరికి వాటంతట అవే వస్తాయి.

8. ఆ చారల దోమ కుట్టి డెంగీ వస్తే భయపడకండి. మంచం మీద ఉన్న మనిషికి కుళాయి పని ఎవరూ చెప్పరు. ప్లేట్‌లెట్లు తగ్గి ఆస్పత్రిలో పడుకుంటే అసలే చెప్పరు. పక్కింటివాళ్ళకూ వస్తే షెడ్డులో తుక్కు సంగతి అడిగే ఓపిక వాళ్ళకూ ఉండదు.

9. ఇంత కష్టపడి కట్టుకున్నదాన్ని ఒక్క మనిషి అరగంటలో పాడుచేయగలడు. వాషరు మార్చి, గొట్టం బిగించి, రెండొందలు పుచ్చుకుని వెళ్ళిపోతాడు. అందుకని ప్లంబరు నంబరు ఇంట్లో ఎవరి ఫోనులో ఉన్నా ఇవాళే తీసేయండి.