రియేజెంట్ పాడైంది మేడమ్

ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదివే రోజుల్లో పరీక్షలో ఇనుము మీద ప్రశ్న వస్తే నాకు పండగ. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇనుము ఒంటికి పట్టడం కష్టమనీ, టీలోని టానిన్లు దాన్ని మధ్యలోనే పట్టేసుకుంటాయనీ, నిమ్మ, ఉసిరిలోని విటమిన్ సి దానికి దారి చూపిస్తుందనీ బొమ్మలు గీసి మరీ రాసేదాన్ని. మార్కులూ బాగానే పడేవి. ఆ జవాబు బట్టీ పట్టే రాత్రుళ్ళు నా బల్ల మీద ఉండేది మాత్రం ఫ్లాస్కు నిండా టీ, ఒక బిస్కెట్ల పొట్లం.

మా హాస్టల్ తార్నాకలో. క్లాసులకు పోతూ వస్తూ జాతీయ పోషకాహార సంస్థ గేటు దాటేదాన్ని. 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదు చేరి, దేశంలో ఎవరెంత తినాలో లెక్క కట్టే సంస్థ అది. దాని గోడ వెంబడే ఖాళీ కడుపుతో నడిచేదాన్ని, అదీ గర్వంగా. "చదువులో పడితే దీనికి తిండి ధ్యాసే ఉండదే" అని రూమ్మేట్లు అంటే నా మెడలో పతకం వేసినట్టుండేది.

కంగారు మొదట్లో ఆకలిని చంపేస్తుంది. వారాల తరబడి సాగితే కార్టిసాల్ పెరిగి తీపి మీదికీ, నూనె సరుకు మీదికీ మనసు లాగుతుంది. ఇదీ సిలబస్‌లో ఉన్నదే. పగలంతా మెతుకు ముట్టని నేను రాత్రి పదకొండింటికి చిప్సూ నూడుల్సూ లాగించి, పైన టీ తాగేదాన్ని. ఒంట్లో చేరిన కెఫిన్ సగానికి తగ్గాలంటేనే సుమారు ఐదు గంటలు. ఇక నిద్రెక్కడిది? లేచేసరికి మెస్‌లో ఇడ్లీ పాత్రలు కడిగేస్తుండేవాళ్ళు. "ఆ మెస్‌లో మనుషులు తింటారా?" అని ఊరంతా చెప్పాను. నిజానికి అక్కడ గోంగూర పప్పు, గుడ్డు, పెరుగు ఉండేవి. నేను వెళ్తే కదా కనిపించడానికి!

అమ్మ డబ్బాల కొద్దీ సున్నుండలు పంపేది. లావెక్కుతానని అవన్నీ గదిలోవాళ్ళకి పంచేసేదాన్ని. ఫోన్ చేసి "తిన్నావా?" అంటే "అయిపోయాయమ్మా" అనేదాన్ని. అబద్ధమేం కాదు, అయిపోయాయి. ఆవిడ సంబరపడి ఇంకో డబ్బా కట్టేది.

మెట్లెక్కితే ఆయాసం, కళ్ళు బైర్లు కమ్మడం, ఐసుముక్కలు నమలాలనిపించడం, ఇవన్నీ చదువు ఒత్తిడి ఖాతాలోనే వేశాను. నెలసరి మరీ ఎక్కువగా అవుతుంటే అందరికీ ఉండేదేలే అనుకున్నాను. ఒకరోజు ప్రాక్టికల్స్‌లో ఒకరి రక్తం ఒకరం తీసి హిమోగ్లోబిన్ చూసుకున్నాం. కనీసం 12 ఉండాల్సింది, నాది 8.6. "రియేజెంట్ పాడైంది మేడమ్" అన్నాను, తడుముకోకుండా. ఆవిడ నా మొహం వంక ఒకసారి చూసి, కొత్త సీసా తెప్పించి మళ్ళీ చేయించారు. 8.5 వచ్చింది.

డాక్టరుగారు ఇనుము మాత్రలు రాసి, భోజనానికి గంట ముందూ గంట వెనకా టీ ముట్టొద్దన్నారు. ఓపిక రాగానే మాత్రలు ఆపేసిన ఘనత కూడా నాదే. రక్తం మామూలు స్థాయికి వచ్చాక మరో మూడు నెలలైనా వాడితే గానీ ఒంట్లో నిల్వలు నిండవు. పరీక్షలో అయితే, ఆ ఇనుమును నిల్వ ఉంచే ఫెర్రిటిన్ అనే మాట కింద గీత కొట్టి రాసేదాన్ని! నాలుగు నెలలు తిరక్కుండానే మళ్ళీ నీరసం మొదలైంది.

అదే పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం రోజుకు మగవాళ్ళకి 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, మనకి 29. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. సరైన తిండి దొరకనివాళ్ళు ఎందరో ఉన్నారందులో. నేను దొరికీ వదులుకున్నదాన్ని.

హాస్టల్లో ఉండి ఇది చదువుతున్న అమ్మాయిలూ, ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి. హిమోగ్లోబిన్ 12కి తగ్గితే డాక్టరుకి చూపించుకోండి, మాత్రలు మధ్యలో మానకండి. ఇంటి నుంచి సున్నుండలొస్తే, పంచిపెట్టే ముందు మీరో రెండు తినండి.