ఇంటికి ఏడు తాళాలు, రౌటర్‌కి 'అడ్మిన్'

మన ఇళ్ల భద్రతకు వంక పెట్టలేం. వీధి గేటుకి తాళం, గ్రిల్లుకి తాళం, తలుపుకి మూడు గడియలు, గుమ్మానికి బూడిద గుమ్మడికాయ, మెట్ల మీద కెమెరా, కింద వాచ్‌మన్. ఇంత బందోబస్తు దాటి ఈగ కూడా లోపలికి రాదు. దొంగకి ఈ బాధలన్నీ పడాల్సిన అవసరమూ లేదు, వైఫై ఉందిగా! ఆ దారికి మనం పెట్టిన తాళం 12345678. ఎనిమిది అక్షరాలకు తక్కువైతే రౌటర్ పెట్టె ఒప్పుకోదు కాబట్టి అంతదూరం వెళ్లాం. ఒప్పుకుంటే నాలుగుతోనే ఆపేవాళ్లం.

మా పటమట ఫ్లాటులో ఆ తాళం బిగించిన రోజు నాకు బాగా గుర్తు. మండుటెండలో నెట్ అబ్బాయి భుజాన కేబుల్ చుట్ట వేసుకుని వచ్చాడు. డ్రిల్లింగ్ మిషన్‌తో కిటికీ పక్కన గోడకి కన్నం వేశాడు. దొంగతనానికి మన పెద్దలు పెట్టిన పేరు ఆ క్షణాన నాకెందుకు తట్టలేదో తెలీదు.

"సార్, పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారు?"

"నీకు తోచింది పెట్టు బాబూ, గుర్తుండేలా చూడు."

అతనికి తోచింది నా ఫోన్ నంబరు. పది అంకెలు, ఎవడికి తడుతుందిలే అని నేనూ మురిసిపోయాను. అవే పది అంకెలు కింద పార్కింగ్‌లో నా కారు అద్దం మీద, అసోసియేషన్ వాళ్లు అంటించిన స్టిక్కర్ మీద, ఫ్లాట్ నంబరుతో సహా ఉన్నాయని స్ఫురించడానికి రెండేళ్లు పట్టింది. వైఫైకి పెట్టిన పేరేమిటంటే, ఆ ఫ్లాట్ నంబరే.

నాది నయం. సాయంత్రం మెట్ల మీద నిలబడి ఫోన్లో వైఫై తెరిస్తే అపార్ట్‌మెంటు గుట్టంతా బయటపడుతుంది. ఒకరిది ఇంటిపేరు, ఒకరిది కులం, ఒకరిది పార్టీ, ఒకరిది అభిమాన హీరో. జనాభా లెక్కల వాళ్లు తలుపులు కొట్టుకుంటూ తిరగడం దండగ. హీరో పేరు పెట్టినవాడి పాస్‌వర్డ్ కోసం బుర్ర బద్దలు కొట్టుకోనక్కరలేదు, అదే పేరు పక్కన 123 చేర్చండి.

ఇక పెట్టెను ఎక్కడ పెట్టాలన్నది సాంకేతిక సమస్య కాబట్టి వాస్తు సిద్ధాంతిగారు తేల్చారు. ఇంటి నడిమధ్య పెడితే అన్ని గదులకూ సిగ్నల్ అందుతుందని అబ్బాయి మొత్తుకున్నాడు. నడిమధ్య బ్రహ్మస్థానం, ఖాళీగా ఉండాలట. ఈశాన్యంలో దేవుడున్నాడు. చివరికి నైరుతిలో ఇనప బీరువా వెనక దూరింది. ఇనుము అడ్డొస్తే సిగ్నల్ చస్తుంది. దసరాకి దానికి పసుపు రాసి బొట్టు పెట్టి నిమ్మకాయ కోశాం. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ మాత్రం చేయలేదు, దానికి ముహూర్తం ఎవరూ చెప్పలేదు.

ఇదంతా వీధి గేటు సంగతి. లోపల ఇనప్పెట్టె వేరే ఉంది. బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొడితే రౌటర్ లోపలి గది తెరుచుకుంటుంది, కొన్ని పెట్టెలకి చివర 0.1. పేరు? అడ్మిన్. పాస్‌వర్డ్? అడ్మిన్. లక్షల పెట్టెలకు ఒకే తాళంచెవి ఇచ్చి, దాన్ని పెట్టె అడుగున స్టిక్కర్‌గా అంటించి, చాలదన్నట్టు మాన్యువల్‌లో అచ్చేసి ఊరంతటికీ చూపించిన కంపెనీలున్నాయి. ఇదే పని తాళాలు చేసేవాడు చేస్తే బజార్లో నిలబెట్టి కడిగేసేవాళ్లం. కంపెనీ చేస్తే "యూజర్ ఫ్రెండ్లీ" అంటాం.

లోపలికి వచ్చినవాడు మన డేటాతో నాలుగు సినిమాలు చూసి పోతాడనుకుంటే పొరపాటు. అక్కడ డీఎన్ఎస్ అని ఒక గడి ఉంటుంది. అది మార్చాడంటే, మీరు బ్యాంకు పేరు కొట్టినప్పుడు మీ రౌటరే మిమ్మల్ని చెయ్యి పట్టుకుని దొంగ బ్యాంకు గుమ్మంలో దింపి వస్తుంది. 2011లో బ్రెజిల్‌లో సుమారు 45 లక్షల మోడెమ్‌ల చేత చేయించింది ఇదే.

2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రామ్ వచ్చింది. దానికేమీ అద్భుత మేధస్సు లేదు. ఫ్యాక్టరీలో పెట్టిన యూజర్ పేర్లు, పాస్‌వర్డ్‌లు ఓ అరవై జతలు జేబులో వేసుకుని ఇంటింటికీ తిరిగింది. లక్షల తలుపులు తెరుచుకున్నాయి. రౌటర్లతోపాటు దొంగల్ని పట్టడానికి గోడకెక్కించిన నిఘా కెమెరాలే ముఠాలో చేరాయి. ఆ ఏడాది అక్టోబర్ 21న అవి కలిసి, వెబ్‌సైట్ల చిరునామాలు చెప్పే డైన్ అనే సంస్థ మీద పడితే అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి మూలిగాయి. మా మెట్ల మీద కెమెరా పాస్‌వర్డ్ మార్చారా అని అసోసియేషన్ సెక్రటరీగారిని అడిగాను. "కెమెరాకి పాస్‌వర్డ్ ఎందుకండీ, అది మనింటిదే కదా" అన్నారు.

పెట్టె వెనక, పాస్‌వర్డ్ కొట్టకుండానే వైఫైకి కలిపేసే డబ్ల్యూపీఎస్ అని మరో ముద్దుల ఏర్పాటు ఉంది. ఎనిమిది అంకెల పిన్. పది కోట్ల రకాలు, ఎవడు పడతాడు అనుకున్నారు. చివరి అంకె మిగతా ఏడింటి నుంచి లెక్కకట్టేది. పైగా మొదటి నాలుగూ వేరుగా, తరువాతి మూడూ వేరుగా సరిచూస్తుంది. అంటే గేటు దగ్గర వాచ్‌మన్, "సగం కరెక్టేనండీ, మిగతా సగం ప్రయత్నించండి" అని దొంగకి ధైర్యం చెబుతున్నట్టు. పది కోట్లు కాస్తా 11,000 అయ్యాయి. ఈ సంగతి 2011 డిసెంబర్‌లోనే బయటపడింది. ఆ పిన్ ఆపేసే గడి ఎక్కడుందో వెతికినవాళ్లెందరు?

వీటన్నిటినీ మించిన లొసుగు మన మొహమాటం. ఒకప్పుడు చుట్టం వస్తే మంచినీళ్లు అడిగేవాడు. ఇప్పుడు చెప్పులు విడుస్తూనే పాస్‌వర్డ్ అడుగుతున్నాడు. ఇవ్వకపోతే పెళ్లికి పిలవరు. అతిథుల కోసం వేరే వైఫై పేరు పెట్టుకునే వీలు చాలా రౌటర్లలో ఉంది. కానీ చుట్టానికి వేరే కంచం పెడతామా అంటారు ఇంట్లో.

వైఫైని గాలికి వదిలేస్తే ఏమవుతుందో చూడండి. 2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు మీడియాకు ఒక ఈమెయిల్ వెళ్లింది. అది నవీ ముంబైలో ఒక అమెరికన్ ఇంట్లోని కాపలాలేని వైఫై గుండా పోయింది. పోలీసులు ముందు తట్టింది ఆయన తలుపే. పంపినవాడు ఆ ఇంటి గుమ్మం తొక్కనక్కరలేకపోయింది. ఇది చెబితే మావాళ్లు "అయ్యో పాపం" అని, మళ్లీ ఫోన్లో మునిగిపోయారు.

పోయిన వారం నేనే బీరువా జరిపి, పెట్టె దుమ్ము దులిపి, లోపలి గదిలోకి దిగాను. ఇంట్లో ముగ్గురం. మా అమ్మది బటన్ల ఫోను. జాబితాలో చూస్తే పదిహేడు పరికరాలు. అందులో ఒకదాని పేరు 'లివింగ్ రూమ్ టీవీ'. మాకు లివింగ్ రూమ్ లేదు, హాలే ఉంది. మా టీవీకి వైఫై పట్టే తెలివీ లేదు. అడ్మిన్ మార్చాను, డబ్ల్యూపీఎస్ ఆపాను, పొంతనలేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి కొత్త పాస్‌వర్డ్ పెట్టాను.

పావుగంటలో ఫోన్ మోగింది. పై అంతస్తు ఆయన.

"మాస్టారూ, నెట్ పోయిందేమిటండీ? అవతల మ్యాచ్ మొదలైపోయింది."

"మాకు బాగానే వస్తోందండీ."

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"అసలు ఈ నెల బిల్లు కట్టారా?" అన్నారు, కాస్త కటువుగానే.