పనసపొట్టుకి తొందరేమిటర్రా

శుక్రవారం రాత్రి గౌతమి ఎక్కుతారు, తెల్లారేసరికి రాజమండ్రిలో దిగుతారు, ఆదివారం రాత్రి మళ్ళీ అదే బండిలో వెనక్కి. మధ్యలో మిగిలేది రెండు పగళ్ళూ ఒక రాత్రీ. ఆ కాస్తలోనే ‘తాతయ్యా, మీరేం శ్రమపడకండి, టిఫిను బయట్నుంచి తెప్పించేద్దాం’ అంటారు. ఎవరడిగారర్రా మిమ్మల్ని? కోనసీమలో తాతగారింటికొచ్చి అట్టపెట్టెలో ఇడ్లీ తినడమేమిటి?

మా రోజుల్లో చుట్టాలు వస్తున్నారంటే ముందు కార్డుముక్క వచ్చేది. ఎప్పుడొస్తారో అందులో ఉండేది, ఎప్పుడు వెళ్తారో ఉండేది కాదు. అది అడగడం మర్యాదా కాదు. వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కుని కాఫీ తాగి, ‘ఏం చెయ్యమంటావు వదినా’ అంటూ నేరుగా వంటింట్లోకి వెళ్ళిపోయేవారు. మేనత్త చింతపండు పిక్కలు తీసేది, పిన్ని కొబ్బరి కోరేది, పిల్లకాయలం మేం కరివేపాకు దూసేవాళ్ళం. ఆ ఊళ్ళో పెళ్ళి సంగతులూ ఈ ఊళ్ళో పొలం తగాదాలూ అక్కడే తేలిపోయేవి. ఇప్పుడు మాట్లాడుకోడానికని పనిగట్టుకుని సోఫాలో కూర్చుంటారు, ఒక్కడికీ మాట రాదు. చేతిలో ఫోనుంటుంది గానీ పని ఉండదు, మాటెక్కణ్ణించి వస్తుంది?

మాఘ ఫాల్గుణాల్లో పనసచెట్టుకి లేత కూరకాయలు దిగేవి. పొట్టు కొట్టడం మా నాన్నగారి వంతు. చేతులకీ కత్తికీ నూనె రాసుకుని, ముళ్ళచెక్కు తీసేసి, పాలు తుడిచి, కాయని ఎడంచేత్తో తిప్పుతూ కుడిచేత్తో టకటకా గాట్లు పెడుతూ చెక్కుతుంటే సన్నటి పొట్టు పళ్ళెంలో రాలేది. ఆ చప్పుడు వినపడితే చాలు, పక్కింటివాళ్ళకి ఆ పూట మా ఇంట్లో కూరేమిటో తెలిసిపోయేది. ఇప్పుడు బజార్లో పొట్టు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి అమ్ముతున్నారు. ఎప్పుడు కొట్టారో, కాయ లేతదో ముదురుదో ఆ దేవుడికే తెలియాలి.

ఆ పొట్టుని ఉప్పూ పసుపూ వేసి ఉడికించి, నీళ్ళు వార్చి, గట్టిగా పిండాలి. శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిరపకాయలు, ఇంగువ, దండిగా కరివేపాకు, చేతికి అందితే నాలుగు జీడిపప్పు బద్దలు వేసి పోపు పెట్టాలి. చింతపండు పులుసు పోసి మగ్గనివ్వాలి. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. అసలు సంగతి ఆవ దగ్గరుంది. ఆవాలు నీళ్ళు చిలకరించి మెత్తగా నూరితేనే ఘాటు పుడుతుంది. దాన్ని పొయ్యిమీద ఉడుకుతున్న కూరలో వేశారో, ఆ ఘాటు కాస్తా ఎగిరిపోతుంది. కూర దించి, వేడి తగ్గాక కలపాలి. కలిపాక మూతపెట్టి వదిలెయ్యాలి. రాత్రికి బాగుంటుంది, మర్నాడు పొద్దున్న చద్దన్నంలోకి ఇంకా బాగుంటుంది. ఇది ఓపికపట్టినవాడికే దక్కే కూర. అరగంటలో గుమ్మంలోకొచ్చే తిండి మరిగినవాళ్ళకి నేనెలా చెప్పను?

ఇక అన్నమంటారా, మా చిన్నప్పుడు అక్కుళ్ళు, కృష్ణకాటుకలు వండేవారు. 1980ల్లో మార్టేరు వాళ్ళ స్వర్ణ, బాపట్ల వాళ్ళ సాంబమసూరి వచ్చి పొలాలన్నీ ఆక్రమించుకున్నాయి. రైతుకి నాలుగు బస్తాలు ఎక్కువొచ్చాయి, కాదనను. కానీ అక్కుళ్ళ అన్నంలో వెన్నకాచిన నెయ్యి వేసుకుని తిన్నవాడికి ఆ లెక్క చెప్పి ఒప్పించలేరు.

ఆదివారం పొద్దున్న దిబ్బరొట్టె. మినప్పప్పు ఒక వంతు, బియ్యపురవ్వ రెండు వంతులు. కుంపటిమీద దళసరి మూకుడు పెట్టి, నూనె పోసి, పిండి మందంగా వేసి, పైన మూతమీద కూడా నిప్పులు పోసేవాళ్ళు. అడుగున ఎర్రటి పెచ్చు కట్టేవరకూ దాన్ని కదపకూడదు. చుట్టూ పిల్లలం పీటలేసుక్కూర్చుని, పెచ్చు నాకంటే నాకని కొట్టుకునేవాళ్ళం. చెరుకు పానకంలో ముంచుకుని తింటే, ఆహా! ఇప్పుడు మిక్సీలో పిండి, గ్యాసుమీద నాన్‌స్టిక్ మూకుడు. రొట్టె అవుతుంది, పెచ్చు మాత్రం రాదు. తీపి సంగతి మరీ అన్యాయం. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని సంతోషించానో లేదో, మా మనవడు చాక్లెట్ పూతరేకుల డబ్బా పట్టుకొచ్చాడు. బెల్లానికీ నెయ్యికీ ఏం పోయేకాలం వచ్చిందిరా?

మా కోడలు ఒక మాట అంది. ‘మామయ్యగారూ, ఆ కుంపట్లు ఊదిందీ, ఆ రోళ్ళు తిప్పిందీ అత్తయ్యగారే కదండీ’ అని. నిజమే. పొగకి మా అమ్మ కళ్ళెప్పుడూ ఎర్రగానే ఉండేవి, మా ఆవిడ భుజంనొప్పి ఆ పొత్రం పెట్టినదే. గ్యాసు రావడం వాళ్ళకి మేలు. అందుకే మొన్న రుబ్బురోలు కడిగించి, పొత్రం మనవడి చేతికిచ్చాను. ఇంజనీరు, జిమ్ముకి డబ్బు కట్టి మరీ బరువులెత్తుతాడు. మినప్పప్పు నలిగేలోపు చెమటలు కక్కాడు గానీ మధ్యలో లేవలేదు. చుట్టూ చేరినవాళ్ళు ఒక్కరూ ఫోను తియ్యలేదు. మా చెల్లెలు తన పెళ్ళినాటి గొడవ మొదలెట్టింది, పప్పు నలిగినా అది పూర్తవలేదు.

మనవరాలు పుస్తకం తెచ్చుకుని ‘ఆవ ఎన్ని చెంచాలు తాతయ్యా?’ అని అడిగింది. చెంచాలేమిటమ్మా! మా అమ్మ నూరుతూ ముక్కుతో చూసుకునేది, ఘాటు నషాళానికి అంటితే సరిపోయినట్టు. అది రాసుకుంటే రాదు, పక్కన కూర్చోవాలి. దొడ్లో చెట్టుకి ఇంకా నాలుగు పిందెలున్నాయి. అవి ముదిరేలోపు రండి. కత్తి సానపట్టించి ఉంచుతాను, నూనెగిన్నె దగ్గర పెడతాను. పొట్టు మాత్రం ఈసారి మీరే కొట్టాలి.